కొంగుచాటు బిడ్డలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఏ అంగన్‌వాడీ గుమ్మం దగ్గరైనా అమ్మ కొంగు వదలని బిడ్డ ఒకరైనా కనిపిస్తారు. ఇంట్లో వసపిట్టలా మాట్లాడే బిడ్డే అక్కడ నోరు విప్పరు.

ఇది మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు. కొందరు పసితనం నుంచే కొత్తకు జంకుతారని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ పరిశోధనలు చూపించాయి. అలాంటి బిడ్డను ముందుకు తోయకూడదు, అలాగని ఇంట్లో దాచిపెట్టనూ కూడదు.

1975లో మొదలైన ఐసీడీఎస్ పథకం కింద అంగన్‌వాడీలు 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెబుతున్నాయి. కొత్తలో బిడ్డను కాస్త ముందుగానే తీసుకెళ్లండి. నిండిన గదిలోకి అడుగుపెట్టడం కన్నా, ఒక్కొక్కరూ వస్తుంటే చూడడం తేలిక. గుడ్లు పెట్టేటప్పుడు పళ్లేలు అందించే పని ఇప్పించమని టీచరమ్మను అడగండి. చెమ్మచెక్కకు ఒక్క జోడీ చాలు. ఆ జోడీనే సాయంత్రం ఇంటికి పిలవండి. ఆళ్లగడ్డలోనైతే ఇద్దరినీ శిల్పులు రాయి చెక్కే చోటికి తీసుకెళ్లండి. అది సింహమా, నందా అని వాళ్లే వాదులాడుకుంటారు.

‘మావాడికి సిగ్గండీ’ అని వాడి ముందే అనకండి. చుట్టాలు పేరడిగితే మీరు అందుకోకుండా కాసేపు ఆగండి. మొదట్లో తల ఊపినా చాలు.

ఇంట్లో బాగా మాట్లాడే బిడ్డ, చేరి నెల దాటాక కూడా అక్కడ వారాల తరబడి పెదవి విప్పకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.