మనం కుర్రువాళ్లం: మన పుట్టుక, మన చరిత్ర, మన దేవుళ్లు

(ఆగస్టు 31, విముక్త దినం సందర్భంగా యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమన్నప్పుడు ముందు వద్దన్నాం. మేము చరిత్రకారులం కాము. టీచర్ ట్రైనింగ్ చేసి, వార్డెన్ ఉద్యోగంలో చేరి, పొద్దున్నే ఉప్మా ఉడికిందా, రాత్రి అందరూ పడుకున్నారా అని చూసుకునేవాళ్లం. అయినా ఈరోజు మైకు ముందుకు రావడానికి ఒక పిల్ల కారణం.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. ఏ బడో చెప్పం. అక్కడ ఒక టీచరమ్మ పర్సు కనబడలేదు. క్లాసులో నలభై మందికి పైగా ఉంటే, ముందు ఈ పిల్ల సంచి దులిపారు. సాయంత్రానికి ఆ పర్సు టీచరమ్మ స్కూటీ డిక్కీలోనే దొరికింది. "పొరపాటయింది తల్లీ" అని ఒక్కరూ అనలేదు. ఆ రాత్రి పిల్ల అన్నం ముందు కూర్చుని తినకుండా అడిగింది: "మేడం, మనం నిజంగానే దొంగల కులమా? అసలు మనం ఎక్కడి నుంచి వచ్చాం?"

మా దగ్గర జవాబు లేకపోయింది. ఎందుకంటే మేమూ దాచుకున్నవాళ్లమే. ట్రైనింగ్ రోజుల్లో ఏలూరులో గది అద్దెకు తీసుకున్నప్పుడు, "మీరేమిట్లు?" అని ఇంటామె అడిగితే "ఎస్టీలమండీ" అని ఊరుకున్నాం. ఎరుకల అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్లకు అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాం.

మొదటి సంగతి, మన పేరు. ఎరుకల అన్నది ఊరివాళ్లు పెట్టిన పేరు. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. ఎరుక చెప్పేవాళ్లు కాబట్టి ఎరుకలవాళ్లు అన్నారు. మనల్ని మనం పిలుచుకునే పేరు కుర్రు. మన మాటను కుర్రుబాస అంటాం, కులవాత అని కూడా అంటాం. తమిళనాడులో కురవర్, కర్ణాటకలో కొరమ, కొరచ, మహారాష్ట్రలో కైకాడి అని పిలిచేవాళ్లు మన చుట్టాలే. ఒకే జనం నాలుగు రాష్ట్రాల్లో నాలుగు పేర్లతో ఉన్నాం. ఇక్కడ మనం షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో కొరమ, కొరచలు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. జాబితాలు వేరైనంత మాత్రాన రక్తం వేరు కాదు.

మరి ఎక్కడి నుంచి వచ్చాం? దీనికి రాగిరేకులు, శాసనాలు చూపించలేం. మన దగ్గరున్న సాక్ష్యం మన నోట్లోనే ఉంది. ఒకసారి పని మీద మద్రాసు వెళ్లాం. సెంట్రల్ స్టేషన్‌లో ఒక ముసలమ్మ మనవడికి సీసా అందిస్తూ "తణ్ణి" అంది. ఉలిక్కిపడి వెనక్కి చూశాం. మా నాయనమ్మ గొంతు విన్నట్టయింది. తెలుగు దేశంలో పుట్టి, తెలుగు బడిలో చదివిన మాకు, ఇంట్లో ముసలివాళ్లు మాట్లాడే మాట తమిళానికి దగ్గరదని ఆ ప్లాట్‌ఫారం మీద అర్థమైంది. భాషా శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే. కుర్రుబాస ద్రావిడ భాషే, తెలుగు కంటే తమిళానికి, ఇరుళ భాషకు దగ్గర. మన కులపెద్దను పాతకాలంలో బెరుమనుసన్ అనేవారు. పెరు అంటే పెద్ద. పెద్దమనిషి అన్నమాట.

మన ఇంటి తెగల పేర్లు చూడండి. సాతుపాటి, కావడి, మానుపాటి, మేండ్రగుత్తి. దేవుడికి నగలు, పూలు అలంకరించేవాళ్లు సాతుపాటి. కావడి మోసేవాళ్లు కావడి. దేవుణ్ణి పాటతో కొలిచేవాళ్లు మానుపాటి. దేవుడికి చెప్పులు కుట్టి సమర్పించేవాళ్లు మేండ్రగుత్తి. పెద్దలు చెప్పే అర్థాలివి. ఈ మాటల వేళ్లు కూడా తమిళం వైపే ఉన్నాయి. మన పూర్వులు దక్షిణం నుంచి తరతరాలుగా నడుచుకుంటూ కృష్ణా, గోదావరి దాకా వచ్చారని నమ్మడానికి ఇది చాలు. రెండు వేల ఏళ్ల నాటి తమిళ సంగం కవిత్వంలో కొండల్లో ఉండే కురవర్ల ప్రస్తావన ఉంది. కుమారస్వామి పెళ్లాడిన వల్లి ఆ కురవర్ల ఇంట పెరిగిన పిల్ల.

మనలో చాలామంది ఏకలవ్యుడి సంతతి అని చెప్పుకుంటారు. మా ఇంట్లోనూ చెబుతారు. ఇది పత్రాలతో రుజువయ్యే సంగతి కాదు, అలా అని పారేసే సంగతీ కాదు. గురువు లేకుండా నేర్చుకున్నవాడు, నేర్చుకున్నందుకే బొటనవేలు పోగొట్టుకున్నవాడు మన తాత అని మన పెద్దలు ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. బడి గుమ్మం బయట నిలబడిన జనానికి ఆ కథ ఎంత దగ్గరగా తగిలిందో అర్థమవుతుంది.

రెండో సంగతి, మన పని. మన శాఖల పేర్లే మన పనుల పట్టిక. వెదురు దబ్బలు చీల్చి బుట్టలు, చాటలు, తట్టలు అల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఈత పుల్లలతో అల్లేవాళ్లు ఈతపుల్లల ఎరుకల. నేతగాళ్లకు కుంచెలు కట్టేవాళ్లున్నారు. కరివేపాకు ఎరుకల ఉన్నారు. ఉప్పు ఎరుకల ఉన్నారు. ఈ ఉప్పు సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని, రోడ్లు లేని ఊళ్లకు మోసి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవాళ్లు మన తాతలు. వాళ్లు రాకపోతే లోపలి ఊళ్లలో చారులోకి ఉప్పు లేదు. దేశదిమ్మరులని తిట్టారు గాని, ఆ తిరుగుడే వ్యాపారం.

ఈ కొల్లేటి ప్రాంతంలో మన బుట్ట లేని ఇల్లు లేదు. కళ్లంలో ధాన్యం చెరిగే చాట మనది, చేపలు మోసే గంప మనది. మన్యం వైపు నుంచి వెదురు దిగితే ఇంటిల్లిపాదీ కత్తి పట్టి కూర్చునేవాళ్లు. ఇప్పుడు చేపల చెరువుల గట్ల మీద ప్లాస్టిక్ ట్రేలు, థర్మాకోల్ పెట్టెలు వచ్చాయి. బుట్ట అడిగేవాళ్లు తగ్గారు. చేతిలో పని పోయి మన ఆడవాళ్లు కూలికి పోతున్నారు. ఇలా మన పని చేజారడం ఇది మొదటిసారి కాదు.

మూడో సంగతి ఆ పిల్ల ప్రశ్నకు అసలు జవాబు. దొంగలన్న పేరు ఎలా వచ్చింది?

తెల్లదొరల కాలంలో ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. తర్వాత రైళ్లు వచ్చాయి. 1890ల్లో మన ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా కూడా పట్టాలు పడ్డాయి. బస్తాల ఉప్పు రైలెక్కాక గాడిద మీద ఉప్పు ఎవరు కొంటారు? 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో మహా కరువు వచ్చి, గొడ్డూ గోదా పోయాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వెదురుకు, ఆకుకు అడవిలోకి పోతే నేరమైంది. వ్యాపారం పోయి, పశువులు పోయి, అడవి మూసుకుపోయి, ఇంకా తిరుగుతూనే ఉన్న జనాన్ని చూసి సర్కారు "వీళ్లెందుకు తిరుగుతున్నారు?" అని అనుమానించింది.

నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఆ చట్టం ప్రకారం నేరం రుజువు చెయ్యక్కర్లేదు, ఫలానా తెగలో పుడితే చాలు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. పిలిచినప్పుడు పోలీసుల ముందు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా సర్కారుకు ఇచ్చారు. హాస్టల్ పిల్లలూ, మీరు సెలవులకు ఇంటికి వెళతారు. ఆ పిల్లలకు ఆ దారి లేదు.

1913లో ఇప్పటి బాపట్ల జిల్లాలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పేరు మాత్రం మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టుది. అక్కడివాళ్లను చీరాల పొగాకు కంపెనీలో పనికి పంపేవారు. నెల్లూరు వైపు కావలి, కప్పరాళ్లతిప్పల్లోనూ ఇలాంటివే నడిచాయి. చదువు, వైద్యం కొంత దొరికిన మాట నిజం. కంచె లోపల దొరికిందన్నదీ నిజమే.

ఇంకో మాట. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. అందులో మన గురించిన రాతకు పోలీసు అధికారుల రాతలు పెద్ద ఆధారం. ఒక ఇంటి చరిత్రను ఆ ఇంటిని సోదా చేసినవాడు రాస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. సినిమాల్లో, ఊళ్లో సామెతల్లో మీరు వినేది ఆ రాత ప్రతిధ్వనే. మనలో ఎవరూ ఎప్పుడూ దొంగతనం చెయ్యలేదని మేము చెప్పం. ఏ కులమూ ఆ మాట చెప్పలేదు. కానీ మనిషి చేసిన తప్పును పుట్టుకకు కట్టిన చట్టం మన మీద పడింది.

1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఈరోజు మనం ఇక్కడ కూర్చున్నది అందుకే. కాగితం మీద విముక్తి వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా, పర్సు కనబడకపోతే ముందు మన పిల్ల సంచే దులుపుతున్నారు. ఆ తొమ్మిదో తరగతి పిల్లకు మేము చెప్పేది ఇదీ: తల్లీ, నీ సంచి దులిపించింది నీ పుట్టుక కాదు, వందేళ్ల నాటి ఒక చట్టం.

నాలుగో సంగతి, మన దేవుళ్లు. మనది ఒక్క గ్రంథం, ఒక్క గుడి ఉన్న మతం కాదు. సుంకులమ్మ, పోలేరమ్మ, కొల్లాపురమ్మ మన ఇళ్ల అమ్మవార్లు. వెంకటేశ్వరుడూ మనవాడే. శ్రీనివాస కల్యాణం కథ గుర్తుందా? పద్మావతి మనసు తెలుసుకుని, తల్లి ధరణీదేవికి చెప్పడానికి స్వామి ఏ వేషం వేశాడు? మన ఎరుకలసాని వేషమే. బుట్ట పెట్టుకుని, సోది చెప్పి, పెళ్లి కుదుర్చుకున్నాడు. ద్వారకా తిరుమల మెట్లెక్కేటప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. యక్షగానాల్లో ఎరుకలసాని రాని కథలు తక్కువ. రాణి కూడా ఆమె ముందు చెయ్యి చాపి కూర్చుంటుంది.

మన సోదెమ్మలు ముందుగా కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, కాశీ విశాలాక్షిని తలుచుకుంటారు. చూడండి, మన దక్షిణపు దారి అక్కడా కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చాక కొల్లేటికోట పెద్దింట్లమ్మను మనదాన్ని చేసుకున్నాం. ఫాల్గుణ మాసం జాతరలో మన వాళ్లూ ఉంటారు. మనలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు. ఒకే ఇంట్లో గోడకు ఏసుప్రభువు పటం, గూట్లో అమ్మవారి పసుపు ముద్ద ఉన్న ఇళ్లు మాకు తెలుసు. దీని మీద పోట్లాడుకోకండి. పెళ్లి మాట వచ్చేసరికి గుడికి పోయేవాళ్లూ, చర్చికి పోయేవాళ్లూ ముందు అడిగేది ఒకటే: "మీది సాతుపాటా, కావడా?" ఒకే తెగలో పిల్లనివ్వరు, తీసుకోరు. మతం మారినా మనల్ని కలిపి ఉంచిన దారం అది.

చివరిగా ఒక లెక్క చెప్పి ముగిస్తాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవారు 5 లక్షల 19 వేలకు పైగా ఉన్నారు. అదే లెక్కల్లో ఎరుకల మాతృభాష అని చెప్పినవాళ్లు దేశం మొత్తంలో 58 వేల మంది. అంటే పది మందిలో ఒకరు. మిగతావాళ్లకు రాదో, వచ్చినా మాలాగా చెప్పుకోలేదో. మన భాషకు సొంత లిపి లేదు. నాయనమ్మ పోతే ఆమెతో పాటు ఒక నిఘంటువు పోతుంది. మా నాయనమ్మ పోయింది. ఆమె దగ్గర మేము రాసుకున్నది ఒక్క పేజీ కూడా లేదు. ఈ తప్పు మీరు చెయ్యకండి.

మా హాస్టల్లో ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టాం. దసరా సెలవులకు వెళ్లిన ప్రతి పిల్లా ఇంట్లో ముసలివాళ్లను అడిగి పది కుర్రు మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకు రావాలి. మీ దగ్గర ఫోన్లున్నాయి, వాళ్ల గొంతు రికార్డు చెయ్యండి. మీ ఇంటి తెగ పేరు, మీ తాత చేసిన పని, ఏ ఊళ్ల మీదుగా వచ్చారో రాయండి. పోలీసులు రాసిన చరిత్ర పక్కన మన పిల్లలు రాసిన చరిత్ర ఉండాలి.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. నోటుబుక్కులో మొదటి పేజీ తనదే. పైన పేరు రాసి, పక్కన "ఎరుకల, కావడి" అని రాసింది. దాని కింద పేజీలో మేమూ సంతకం చేశాం. ఈసారి మా తెగ పేరుతో సహా.