చీలిన ఊరిని కలిపే కళ

ఒకే ఊరిలో పుట్టి, ఒకే నది గాలి పీల్చి, ఒకే వానకు తడిసే మనుష్యులు ఒకరి వీధిలోకి ఒకరు అడుగు పెట్టకుండా జీవితమంతా గడిపివేయగలరా? గడిపివేయగలరని చాటే ఊళ్ళు ప్రపంచంలో అనేకం ఉన్నవి. ఉత్తర ఐర్లండులోని డెర్రీ నగరం వాటిలో ఒకటి. ఆ నగరంలో 2015వ సంవత్సరం మార్చి నెలలో ఒక కొండమీద కొయ్యతో ఒక మందిరాన్ని కట్టారు. వారం రోజులు దానిని ప్రజల దర్శనానికి ఉంచారు. ఆ తరువాత వేలాది జనం చూస్తూ ఉండగా దానిని తగులబెట్టారు. అది అల్లరిమూకల పని కాదు. కట్టినవారి సంకల్పమే అది. ఇరుగుపొరుగులు విడిపోయిన చోట కళ ఏ పని చేయగలదో, ఏ పని చేయజాలదో తెలుసుకోవడానికి ఈ మందిరం కథ మంచి ఉదాహరణ.

ముందుగా ఆ ఊరు ఎట్లా చీలినదో చెప్పుకోవాలి. డెర్రీ అనే పేరు ఐరిష్ భాషలో ఓక్ చెట్ల తోపు అనే అర్థం గల మాటనుండి వచ్చినది. 1613లో ఇంగ్లండు రాజు శాసనం ద్వారా లండను నగర వర్తక సంఘాలకు ఆ ప్రాంతం దత్తమైనది. అప్పుడు ఆ పేరుకు ముందు లండన్ అనే మాట చేరి లండన్‌డెర్రీ అయినది. ఇంగ్లండు, స్కాట్లండుల నుండి వచ్చి స్థిరపడిన ప్రొటెస్టంట్లకు రక్షణగా ఊరిచుట్టూ రాతికోట లేచినది. 1689లో కాథలిక్కు రాజు రెండవ జేమ్సు సేనలు ఆ కోటను 105 రోజులు ముట్టడించినవి. లోపలివారు ఆకలితోనూ రోగాలతోనూ మరణిస్తూ కూడ లొంగలేదు. ఆ ముట్టడి ప్రొటెస్టంట్లకు నేటికీ గర్వకారణం. కోట వెలుపలి పల్లపు పేటలలో బ్రతికిన కాథలిక్కులకు అదే కోట తమ పరాధీనతకు గుర్తు. ఒకే గోడ; లోపలినుండి చూచినవారికి ఒక కథ, వెలుపలినుండి చూచినవారికి మరొక కథ.

ఊరి పేరు విషయంలో సైతం ఏకాభిప్రాయం లేదు. కాథలిక్కులు డెర్రీ అంటారు. ప్రొటెస్టంట్లలో చాలమంది లండన్‌డెర్రీ అంటారు. ఎవరినీ నొప్పించకూడదనుకునేవారు రెండు పేర్లనూ వ్రాసి నడుమ ఒక అడ్డుగీత గీస్తారు. అక్కడి రేడియో ప్రసారకుడు జెర్రీ ఆండర్సన్ ఈ తంటా చూచి, ఊరికి గీత నగరమని హాస్యంగా నామకరణం చేశాడు. ఆ పేరు జనం నోట నిలిచిపోయినది. నవ్వులో కూడ నిజమున్నది. ఊరి నడుమ నిజంగా ఒక గీత ఉన్నది. అది ఫాయిల్ నది.

1969 ఆగస్టులో బాగ్‌సైడ్ అనే కాథలిక్కుల పేటలో మూడు రోజులపాటు పోలీసులకూ ప్రజలకూ సంఘర్షణ జరిగినది. బ్రిటిష్ సైన్యం వీధులలోకి వచ్చినది. 1972 జనవరి 30వ తేదీన పౌరహక్కుల ఊరేగింపుమీద సైనికులు కాల్పులు జరుపగా ఆనాడే 13 మంది మరణించారు. గాయపడిన మరొకరు తరువాత మరణించారు. వారు నిరపరాధులని విచారణ సంఘం నివేదిక వెలువడి, బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పడానికి 2010 జూన్ వరకు పట్టినది. ఆ మూడు దశాబ్దాల కల్లోలంలో రెండు పక్షాలలోను, ఏ పక్షానికీ చెందనివారిలోను కలిపి 3,500 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భయంచేత నది పడమటి ఒడ్డున ఉన్న ప్రొటెస్టంట్లలో అత్యధికులు తూర్పు ఒడ్డునకు, అంటే వాటర్‌సైడ్ అనే భాగానికి, తరలిపోయారు. పడమట వారికి ఫౌంటెన్ అనే చిన్న పేట ఒక్కటే మిగిలినది. దానికీ పక్క పేటకూ నడుమ ఎత్తైన కంచె నిలిచినది. 1998 ఏప్రిల్ 10వ తేదీన శాంతి ఒడంబడిక కుదిరినది. ఆయుధాలు క్రమంగా మూలపడినవి. కాని సంతకాలతో తుపాకులు ఆగినంత త్వరగా అలవాట్లు మారవు గదా!

ఈ పరిస్థితులలో కళాకారులు చేసిన ప్రయత్నాలు కొన్ని చూద్దాం. 1992లో మారిస్ హారన్ అనే శిల్పి నదిమీది వంతెన పడమటి కొసన ఒక విగ్రహ యుగళాన్ని నిలిపాడు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరు మనుష్యులు ఒకరివైపు ఒకరు చేయి చాచి ఉంటారు. ఆ చేతులు దాదాపు తగులుతవి, కాని తగలవు. నాటికి శాంతి ఇంకా ఆరేండ్ల దూరంలో ఉన్నది. శిల్పి అబద్ధం చెప్పదలచలేదు.

బాగ్‌సైడ్‌లో ముగ్గురు చిత్రకారులు కూడి ఇండ్ల ప్రక్కగోడలమీద నిలువెత్తు చిత్రాలు వ్రాశారు. వాటిలో ఒకటి 1971లో తుపాకిగుండుకు బలియైన 14 ఏండ్ల బాలికది. బడి దుస్తులలో నిలుచున్న ఆ పిల్ల చిత్రాన్ని 1999లో వ్రాసినపుడు, ప్రక్కన ఒక తుపాకినీ, పైన ఒక సీతాకోకచిలుకనూ వ్రాశారు. సీతాకోకచిలుకకు రంగు వేయలేదు. రేఖలు మాత్రం గీచి విడిచిపెట్టారు. శాంతి నిలుస్తుందో లేదో వారికి నమ్మకం చిక్కలేదు. 2006లో మరల వచ్చి, తుపాకి రెండు ముక్కలైనట్లు దిద్ది, సీతాకోకచిలుకకు రంగులద్దారు. ఏడేండ్లు ఒక ఊరి అనుమానాన్ని ఆ గోడ నిజాయితీగా మోసినది. 2004లో ఆ చిత్రకారులే రెండు మతాల పిల్లలతోను సంప్రదించి, పావురమూ ఓక్ ఆకూ కలిసిన శాంతి చిత్రాన్ని మరొక గోడమీద వ్రాశారు.

ఇవన్నీ గొప్ప పనులే. అయినా గోడమీది చిత్రానికి ఒక పరిమితి ఉన్నది. గోడ ఏదో ఒక వీధికి చెందుతుంది. ఆ వీధిలోకి రానివాడు ఆ చిత్రాన్ని చూడడు. రావడానికే వెనుకాడేవాడిని రప్పించడం ఎట్లా? 2015నాటి కొయ్యమందిరం ఎదుర్కొన్న ప్రశ్న ఇది.

డేవిడ్ బెస్ట్ అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన శిల్పి. 2000వ సంవత్సరంలో ఆయన మిత్రుడొకడు మోటారుసైకిలు ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖంలో నెవాడా ఎడారిలో ఏటేటా జరిగే ఒక ఉత్సవంలో ఆయన కొయ్యముక్కలతో ఒక కట్టడాన్ని నిర్మించాడు. చూడవచ్చినవారు ఎవరూ చెప్పకుండానే తాము పోగొట్టుకున్నవారి పేర్లు దానిమీద వ్రాయసాగారు. ఉత్సవాంతంలో దానిని కాల్చివేశారు. అప్పటినుండి అటువంటి మందిరాలు కట్టడం ఆయన జీవిత కార్యమైనది. లండనుకు చెందిన ఆర్టిచోక్ అనే కళాసంస్థ ఆయనను డెర్రీకి ఆహ్వానించినది.

డెర్రీలో మంట వేయడమంటే సామాన్యం కాదు. అక్కడ ప్రతి మంటకూ ఒక మతమున్నది. జూలై 11వ తేదీ రాత్రి ప్రొటెస్టంట్ల పేటలలో కొయ్యపేళ్ళను గోపురాలవలె పేర్చి కాలుస్తారు. వాటి కొసన అవతలివారి పతాకాన్ని కట్టడం కద్దు. ఆగస్టు నడుమ కాథలిక్కుల పేటలలో మంటలు లేస్తవి. వాటిలో ఇవతలివారి పతాకం కాలుతుంది. డిసెంబరులో, నాటి ముట్టడి సమయంలో ద్రోహియని పేరుపడిన లండీ అనే అధికారి బొమ్మను ప్రొటెస్టంట్లు తగులబెడతారు. ఇండ్లూ అంగళ్ళూ కాలిపోవడం కండ్లారా చూచిన తరం ఇంకా జీవించి ఉన్నది. అట్టి ఊరికి ఒక పరదేశి వచ్చి, పెద్ద కట్టడం కట్టి దానికి నిప్పు పెడతానంటే సందేహించనివారెవరు? ఉన్న మంటలు చాలవా అని అడగడం న్యాయమే గదా!

కాని ఆ ఎంపికలోనే వివేకమున్నది. ఏ వస్తువు ఊరిని విడదీస్తున్నదో ఆ వస్తువునే చేతబట్టి, దానికి వేరొక అర్థం ఇవ్వడం వారి ఉద్దేశం. ద్వేషం కొరకు వెలిగే మంటను దుఃఖం కొరకు వెలిగించాలి. ద్వేషానికి పక్షాలుంటవి. కొడుకును పోగొట్టుకున్న తల్లి కన్నీటికి పక్షమేమున్నది?

స్థలాన్ని ఎంచుకోవడంలో కూడ ఆలోచన కనబడుతుంది. నదికి తూర్పున, ప్రొటెస్టంట్లు అధికంగా ఉన్న వాటర్‌సైడ్‌లో, కొండమీద ఒక కాథలిక్కుల పేట ఉన్నది. ఆ పేట ప్రక్కనున్న మైదానంలో మందిరం లేచినది. అక్కడినుండి చూస్తే నదీ, రెండు ఒడ్డులూ, కోటా కనబడతవి. ఊరిలో ఎక్కడినుండి తల ఎత్తి చూచినా మందిర శిఖరం కనబడుతుంది. దగ్గరగా చూడదలచినవారు మాత్రం తాము సాధారణంగా పోని పేటగుండా నడిచి కొండ ఎక్కవలసినదే.

కట్టే పనిలో రెండు వర్గాల యువకులూ పాల్గొన్నారు. పలుచని ప్లైవుడ్ పలకలను యంత్రాలతో జల్లెడవలె, జాలరవలె కోసి, ఆ ముక్కలను ఒకదానికొకటి అమర్చి సుమారు 72 అడుగుల ఎత్తుకు లేపారు. ఐర్లండు చలికాలపు గాలిలో, వానలో సాగిన పని అది. పలకకు ఒక కొస ఒకడు పట్టుకుంటే రెండవ కొస మరొకడు పట్టుకోక తప్పదు. నిచ్చెన ఎక్కినవాడు క్రింద పట్టుకున్నవాడిని నమ్మక తప్పదు. వాడు ఏ గుడికి పోతాడో, ఏ బడిలో చదివాడో ఆ క్షణంలో అక్కరలేదు. ఉపన్యాసాలవల్ల రాని పరిచయం పనివల్ల వస్తుంది. సమష్టి కళకు అసలు బలం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. పూర్తయిన కట్టడాన్ని అందరూ చూస్తారు. కాని అది మార్చేది ముఖ్యంగా దానిని కట్టిన చేతులను.

మార్చి 14వ తేదీన మందిర ద్వారాలు తెరచారు. వారం రోజులలో 60 వేలకు పైగా జనం దర్శించినట్లు నిర్వాహకులు ప్రకటించారు. లక్షలోపు జనాభా గల నగరానికి అది చిన్న సంఖ్య కాదు. వచ్చినవారు గోడలమీద, కొయ్యముక్కలమీద వ్రాతలు వ్రాశారు. చనిపోయినవారి పేర్లు, వారికి చెప్పలేకపోయిన మాటలు, అడగలేకపోయిన క్షమాపణలు వ్రాశారు. ఛాయాచిత్రాలు తెచ్చి గోడలకు గ్రుచ్చారు. కల్లోల కాలంలో మరణించినవారి పేర్లూ, రోగంతో పోయినవారి పేర్లూ ప్రక్కప్రక్కనే నిలిచినవి. ఒకరి దుఃఖాన్ని మరొకరు చదివారు. న్యాయస్థానంలోగాని సభలోగాని దుఃఖాన్ని చెప్పుకోవాలంటే అది సాక్ష్యమవుతుంది, వాదమవుతుంది. ఎదుటివాడు ప్రతివాదానికి లేస్తాడు. ఈ మందిరంలో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. చదివి ఊరకుంటే చాలు.

మార్చి 21వ తేదీ శనివారం రాత్రి వేలాదిమంది కొండ చుట్టూ చేరారు. మందిరానికి నిప్పు ముట్టించారు. ఆ మంటలో ఎవరి పతాకమూ లేదు, ఎవరి బొమ్మా లేదు. ఊరివారందరూ తమ చేతులతో వ్రాసుకున్న మాటలున్నవి. జయధ్వానాలకు అలవాటుపడిన ఊరిలో ఆ మంట ఎవరి జయాన్నీ చాటలేదు.

నిప్పు మనుష్యులను కలపగలదన్న సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. అనంతపురం జిల్లా గూగూడులో మొహరం దినాలలో కుళ్ళాయిస్వామి పీరు ఎదుట అగ్నిగుండం త్రొక్కడానికి హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు. తెలంగాణ పల్లెలలో పీరుల పండుగనాడు గుండం చుట్టూ ఆడే అలాయి ఆటలో కులమతాలు చూడరు. ఆ ఆచారాలను ఏ కళాసంస్థా నేర్పలేదు. తరతరాల సహజీవనం నేర్పినది. డెర్రీలో తెగిపోయిన అట్టి దారాన్ని తిరిగి ముడివేయడానికి పూనుకోవలసి వచ్చినది. ఉన్నదానిని కాపాడుకోవడం, పోయినదానిని తిరిగి కల్పించుకోవడంకంటె ఎంత సులభమో దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక కళ చేయజాలని పనిని కూడ చెప్పాలి. మందిరం కాలిన తరువాత ఊరు ఒక్కటైపోలేదు. జూలై మంటలూ ఆగస్టు మంటలూ ఆగలేదు. 2019 ఏప్రిల్‌లో ఆ ఊరిలో జరిగిన అల్లర్లలో ఒక యువ పాత్రికేయురాలు తుపాకిగుండుకు బలియైనది. నేటికీ ఉత్తర ఐర్లండులో పిల్లలలో అత్యధికులు మతాన్నిబట్టి వేరు వేరు బడులలో చదువుతున్నారు. కళ ఉద్యోగాలివ్వలేదు, బడులను కలపలేదు, హతులకు న్యాయం చేకూర్చలేదు. ఆ పనులు ప్రభుత్వాలవి, న్యాయస్థానాలవి. వాటికి బదులుగా కళను వినియోగించడం ఆకలిగొన్నవానికి అన్నం పెట్టక విస్తరి మాత్రం పరచడంవంటిది.

అయితే విస్తరి కూడ కావలసినదే గదా! నదిమీద 2011 జూన్‌లో తెరచిన శాంతి వంతెన పాదచారులకూ సైకిళ్ళకూ దారి ఇచ్చినది. వంతెన కట్టడం ఇంజనీర్ల పని. దానిని దాటి అవతలి ఒడ్డునకు పోవాలనే కోరికను మనుష్యులలో కలిగించడం మరొకరి పని. ఆ కోరికను వారం రోజుల కొయ్యమందిరం వేలాదిమందికి కలిగించినది. అంతకుముందు ఎన్నడూ ఎక్కని కొండను ఒక్కసారి ఎక్కినవాడికి ఆ కొండ పరాయిది కాదు. అక్కడ ఒక తల్లి వ్రాసిన పేరు చదివినవాడికి ఆ పేట ఉట్టి శత్రువుల పేటగా మిగలదు.

1992లో నిలిచిన ఆ రెండు విగ్రహాల చేతుల మధ్య జానెడు ఎడము నేటికీ అట్లే ఉన్నది. కంచులో పోసిన చేతులు తమంతట తాము కదలవు. రక్తమాంసాల చేతులు కదులుతవి. పట్టుకోవడానికి వాటి నడుమ ఒక పలక, ఒక కుంచె, ఒక పని ఉంచాలి. మన ఊళ్ళలో, మన వీధులలో మాట్లాడుకోవడం మానివేసిన ఇరుగుపొరుగులు మనకూ ఉండవచ్చు. వారిని సభకు పిలిచి సామరస్యంమీద ఉపన్యసించే ముందు, ఇరువురూ కలిసి చేయదగిన పని ఏమున్నదో వెదకడం మేలు.