కిరణాలు పుట్టే చోటు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయిన తరువాత ఎవరో ఒకరు శాస్త్ర విషయం మీద నాలుగు మాటలు చెప్పవలెనని మన కార్యవర్గం వారు తీర్మానించి, ఈసారి ఆ పని మాకు అప్పగించారు. మేము మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. శాస్త్రజ్ఞులము కాము. అయినా ఒప్పుకొన్నాము. కిందటి సంవత్సరం మా ఇంట జరిగిన ఒక సంగతి ఈ విషయాన్ని మాకు బలవంతాన నేర్పింది. మేము ఆలస్యంగా నేర్చుకొన్నది ఇంకొక ఇంటివారికి వేళకు అందుతుందేమోనని ఆశ.

మనలో కొందరి పెద్దలు 1961లో ఇక్కడ భారీ వాహనాల కర్మాగారం వెలసిన తరువాత వచ్చినవారు. కొందరు రైల్వే కొలువులకు వచ్చినవారు. ఎట్లు వచ్చినా, స్వగ్రామంలో ఎవరికి జబ్బు చేసినా “మదరాసులో మనవాళ్ళున్నారు” అని ఆవడికే వస్తారు. అట్లాగే సూళ్ళూరుపేట నుంచి మా పెద్దమ్మ వచ్చింది. రొమ్ములో గడ్డ. శస్త్రచికిత్స చేసి గడ్డ తీసివేశారు. గాయం మానిన తరువాత ఐదు వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున, “కరెంటు పెట్టాలి” అన్నారు.

ఆ మాటతో వచ్చింది చిక్కు. ఈ చికిత్సకు మన వాళ్ళందరూ వాడే మాట అదే. తమిళ సోదరులూ అదే అంటారు. పెద్దమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. “ఒరే నాయనా, మన దొడ్లో గేదె కరెంటు తగిలి గిలగిలా తన్నుకొని చావడం ఈ కళ్ళతో చూశాను. నన్ను తీసుకుపోయి ఆ కరెంటు మీద పడుకోబెడతారట్రా?” అన్నది. ఊరికి పోతానని మూట కట్టుకొన్నది. బదులు చెప్పడానికి మాకు నోట మాట లేదు. ఎందుకంటే ఆ కరెంటు ఏమిటో మాకూ తెలియదు. ఇంతలో చుట్టాలొకరు వచ్చి, కరెంటు పెట్టించుకొన్న మనిషి దగ్గరకు పసిపిల్లలను పోనివ్వకూడదని చెప్పిపోయారు. మా ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉన్నది. మేము మాట్లాడకుండా పిల్లను అవతలి గదిలో పడుకోబెట్టసాగాము. పెద్దమ్మ అది చూసింది. ఏమీ అనలేదు. ఈ విధంగా పద్ధెనిమిది రోజులు గడిచిపోయాయి.

చివరకు ఆసుపత్రిలో ఆ యంత్రం నడిపే ఒక అమ్మాయి మమ్మల్ని లోపలికి పిలిచి, యంత్రం చూపించి, “ఇందులో మీకు తగిలే కరెంటు లేదు. మీ పాత టెలివిజనుకు ఇది పెద్దన్నగారు” అన్నది. ఆ ఒక్క మాట పట్టుకొని మేము చదవడం మొదలుపెట్టాము. ఇక ఆ కథ వినండి.

పదిహేను ఇరవై యేళ్ళ కిందటి దాకా మన ఇళ్ళలో ఉండిన లావుపాటి టెలివిజను మీ అందరికీ జ్ఞాపకముంటుంది. రిజర్వేషను కౌంటర్లలో కంప్యూటరు తెరలు కూడా ఆ జాతివే. ఆ పెట్టె అంత లావుగా ఎందుకుండేది? అద్దం వెనుక పెద్ద గాజు బుడ్డి. ఆ బుడ్డికి సన్నని మెడ. ఆ మెడలో ఎలక్ట్రాను తుపాకి అనే చిన్న పరికరం. అక్కడ ఒక లోహపు ముక్క ఎర్రగా కాగుతూ ఉంటుంది. మూకుడు వేడెక్కితే పోపులో ఆవాలు చిటపటమని ఎగిరి బయటపడతాయి గదా! అట్లే కాగిన లోహంలోనుంచి ఎలక్ట్రానులనే అతి సూక్ష్మమైన కణాలు ఎగిరి బయటపడతాయి. వాటిని ఇరవై, పాతికవేల వోల్టులు ముందుకు లాగుతాయి. అవి తెరకు తగిలిన చోట వెలుగు పుడుతుంది. సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతల లెక్కన ఆ ఎలక్ట్రాను ధార తెరమీద రాసుకుంటూ పోయేది. మనం దానినే ఆదివారం సినిమా అని కూర్చుని చూశాము. ఈ గొట్టాన్ని జర్మనీలో బ్రౌన్ అనే ఆచార్యుడు 1897లో నిర్మించాడు. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ ఆ ధారలో ఉన్నవి అణువు కన్న ఎంతో తేలికైన కణాలని నిరూపించాడు.

ధార ఎంత గొప్పదైనా దానికి పుట్టిల్లు ఆ కాగే ముక్క. పుట్టిల్లు బాగుంటేనే ధార బాగుంటుంది. అందుచేత నూరేళ్ళకు పైగా శాస్త్రజ్ఞుల శ్రమ చాలామటుకు ఆ ముక్క చుట్టూనే తిరిగింది.

మొదటి సొగసైన ఉపాయం 1904లో వెహ్నెల్ట్ అనే జర్మను ఆచార్యునిది. ప్లాటినపు రేకు మీద బేరియం, కాల్షియం వంటి లోహాల భస్మాన్ని పూసి వేడి చేస్తే, అంతగా కాలకుండానే ఎలక్ట్రానులు పుష్కలంగా వస్తాయని కనిపెట్టాడు. కాల్షియం భస్మమంటే మరేమీ కాదు, మన సున్నమే! తమలపాకుకు రాసే సున్నం తోబుట్టువులే మన టెలివిజనులలో అన్నేళ్ళు బొమ్మలు చూపించాయి.

రెండవ ఉపాయం 1913లో అమెరికాలో కూలిడ్జ్ చేసినది. టంగ్‌స్టన్ అనే లోహం 3,400 డిగ్రీలు దాటితేగాని కరగదు. దానిని సన్నని తీగగా సాగదీయడం ఆయనే సాధించాడు. ఆ తీగను బాగా కాచి, వచ్చిన ఎలక్ట్రానులను మరొక టంగ్‌స్టన్ దిమ్మె మీదకు కొట్టించాడు. అట్లు వేగంగా పోయే ఎలక్ట్రాను హఠాత్తుగా ఆగితే ఎక్స్-రే పుడుతుంది. అంతకు ముందు ఎక్స్-రే గొట్టాలు ఒక పూట ఒక తీరుగా, మరొక పూట మరొక తీరుగా పనిచేసేవి. కూలిడ్జ్ గొట్టంలో తీగ వేడి పెంచితే కిరణాలు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. విరిగిన ఎముకకు తీసే ఎక్స్-రే మొదలుకొని స్టేషనులో మన పెట్టెలను సోదా చేసే యంత్రం వరకు ఈనాటికీ ఆ వంశమే.

మూడవది 1950లో హాలెండులో ఫిలిప్స్ కంపెనీ పరిశోధనశాలలో లెమ్మెన్స్, ఆయన మిత్రులు చేసినది. పూత అయితే రాలిపోతుంది. అందుచేత సన్నని రంధ్రాలు గల టంగ్‌స్టన్ ముక్క వెనుక బేరియం నిలవ ఉంచారు. కొత్త మట్టికుండ చెమర్చినట్లు బేరియం లోపలినుంచి కొంచెం కొంచెంగా ఊరి పైకి వస్తుంది. అరిగినంతా మళ్ళీ ఊరుతుంది.

ఇంత చేసినా, గాలి ఉంటే అంతా వృథా. అరక్కోణం లోకలు వచ్చి జనమంతా దిగిన క్షణాన ప్లాట్‌ఫారం మీద ఎదురు నడవబోయినవాడి గతి ఏమి? నాలుగడుగులు వేయలేడు. గాలిలో ఎలక్ట్రాను గతి అంతే. పైగా కాగే తీగ గాలి తగిలితే మాడి మసి అవుతుంది. కాబట్టి గొట్టంలో గాలిని తోడివేయాలి. ఈ శూన్యవిద్య దగ్గర మన తెలుగువారి పేరు ఒకటి గర్వంగా చెప్పుకోవాలి. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాలలో తపస్సు చేసి, ఐరోపాకు పోయి, ప్రేగ్ నగరంలో ఎక్స్-రేల మీద, తరువాత లివర్‌పూల్‌లో చాడ్విక్ మహాశయుని వద్ద బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. బీటా కిరణాలన్నా ఎలక్ట్రానులే. అవి మాత్రం కాగే తీగలో గాక పరమాణు గర్భంలో పుడతాయి. శూన్యాన్ని కల్పించడం, కొలవడం గురించి ఆయన రాసిన ‘హై వాక్యువా’ అనే గ్రంథం 1947లో అమెరికాలో అచ్చయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరమాణు భౌతిక శాస్త్ర శాఖను పెంచి, 1969లో కన్నుమూశారు. కాషాయం కట్టి శూన్యాన్ని ఆత్మలోనూ, గాజు గొట్టంలోనూ వెదికిన ఆ మహనీయుని సంగతి మన పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు పెద్దమ్మ పడుకొన్న యంత్రానికి వద్దాము. దాని తలలో ఎలక్ట్రాను తుపాకి ఉంది. మన టెలివిజనులో ఉన్నది వంటిదే. తేడా ఏమనగా, బయటపడిన ఎలక్ట్రానులు ఒక రాగి గొట్టంలోకి పోతాయి. అందులో రేడియో తరంగాల వంటి బలమైన తరంగాలు వాటిని వెనుకనుండి తోసి, ఒకటి రెండు అడుగుల దూరంలోనే అరవై లక్షల వోల్టులకు సరిపోయే శక్తినిస్తాయి. అప్పటికి వాటి వేగం వెలుతురు వేగంలో నూటికి 99 పాళ్ళు దాటుతుంది. అవి టంగ్‌స్టన్ ముక్కకు తగిలి, కూలిడ్జ్ గొట్టంలో వలెనే ఎక్స్-రేలవుతాయి. రోగి మీద పడేవి ఆ కిరణాలు. కరెంటు యంత్రం లోపలే ఉంటుంది. ఇటువంటి యంత్రంతో మొదటి చికిత్స 1953లో లండను హామర్‌స్మిత్ ఆసుపత్రిలో జరిగింది. 1956లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో కంటిలో కంతి గల రెండేళ్ళ పిల్లవాడికి చికిత్స చేసి చూపు నిలబెట్టారు.

మీట ఆపితే తుపాకి ఆగుతుంది. తుపాకి ఆగితే కిరణం లేదు. దీపం ఆర్పిన గదిలో వెలుతురు మిగిలి ఉంటుందా? మనిషి ఒంట్లోనూ అంతే, ఏమీ నిలవ ఉండదు. బయటినుంచి ఇటువంటి కిరణం పెట్టించుకొన్న తల్లి ఆ సాయంత్రమే బిడ్డను ఎత్తుకోవచ్చును. అయితే ఒక మాట. శరీరంలోపల కిరణ పదార్థం ఉంచే చికిత్సలు, మందుగా ఇచ్చే చికిత్సలు వేరు. వాటికి జాగ్రత్తలు వేరు. ఏది ఏదో వైద్యులనే అడగాలి. కిరణం వట్టి వెలుతురనీ అనుకోరాదు. చర్మం కమిలిపోతుంది, నీరసం వస్తుంది. పెద్దమ్మకూ వచ్చాయి. గాని గేదెకు తగిలిన కరెంటుకూ దీనికీ సంబంధం లేదు.

ఎలక్ట్రాను సంగతి అయింది. దానిని పోగొట్టుకొన్న అణువు సంగతి రెండు మాటలు. దానిని అయాను అంటారు. 1886లోనే గోల్డ్‌స్టీన్ అనే ఆయన గొట్టంలోని లోహపు రేకుకు రంధ్రాలు చేస్తే, రేకు వెనుకవైపునకు వేరొక కిరణాలు వస్తున్నట్లు చూశాడు. అవే అయాను కిరణాలు. వీటి పుట్టిల్లు కాగే తీగ కాదు, విద్యుత్తుతో వెలిగే పలుచని వాయువు. 1956లో ఫాన్ ఆర్డెన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఆ వాయువును అయస్కాంతంతో ఒక చిన్న రంధ్రం దగ్గరకు నొక్కి చిక్కని ధార తీశాడు. ఈనాడు మీ జేబులోని ఫోను లోపలి చిప్పు తయారయ్యేది సిలికాను పలక మీద బోరాను, భాస్వరం అయానులను ఇట్టి ధారలతో నాటడం వలననే. నారుమడిలో నారు నాటినట్లు ఎక్కడ ఎంత లోతున అంటే అక్కడ అంత లోతున నాటుతారు.

వైద్యంలోనూ ఇవి వచ్చాయి. హైడ్రోజను అణువునుండి ఎలక్ట్రానును ఊడదీస్తే మిగిలేది ప్రోటాను. దానికీ ఎక్స్-రేకూ తేడా మన రైలు భాషలో చెబుతాము. ఎక్స్-రే మనకు ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్సు వంటిది. దారి పొడుగునా కొంత దింపుతూ అవతలికి పోతుంది. ప్రోటాను ఆవడి లోకలు వంటిది. దారిలో కొద్దిమంది దిగినా, ఆవడి రాగానే బండి మొత్తం ఖాళీ అయి అక్కడే ఆగుతుంది. కాబట్టి కంతి అవతల ఉన్న మంచి భాగానికి దెబ్బ తగలదు. ఈ ఆలోచన రాబర్ట్ విల్సన్ అనే అమెరికను 1946లో చెప్పాడు. 2019లో మన చెన్నైలోనే తరమణిలో ప్రోటాను చికిత్స మొదలయింది. అందరికీ అది అవసరం కాదు, ఖర్చు కూడా చాలా ఎక్కువ. అయినా అది మన పొలిమేరలో ఉన్నదని తెలిసి ఉండడం మంచిది.

సోదరులారా, సోదరీమణులారా! మేము ఇదంతా పెద్దమ్మకు చెప్పలేదు. ఆమెకు చెప్పింది ఒక్కటే. “పెద్దమ్మా, మన పాత టీవీ వెనుక ఎర్రగా ఒక చుక్క వెలిగేది జ్ఞాపకం ఉందా? అదేనే ఇది. అది ఎన్నేళ్ళు మన ఇంట్లో ఉంది, ఎవరినైనా చంపిందా?” ఆమె చాలాసేపు ఆలోచించి, “అయితే పిల్లను నా దగ్గర పడుకోబెట్టు, అప్పుడు నమ్ముతాను” అన్నది. ఆ రాత్రి మేము పిల్లను తెచ్చి ఆమె పక్కన పడుకోబెట్టాము. మరునాడు తెల్లవారుజామున మా కంటె ముందే లేచి తయారై కూర్చున్నది. ఇరవై అయిదు రోజులూ ఒక్క రోజు తప్పలేదు. ఇప్పుడు మూడు నెలలకొకసారి పరీక్షకు వస్తున్నది. ఆ పద్ధెనిమిది రోజుల ఆలస్యం ఆమెకు ఏమి చేటు చేసిందో, చేయలేదో దైవానికే ఎరుక. అది యంత్రం చేసిన తప్పు కాదు, వైద్యుల తప్పూ కాదు. తెలియని మాటకు భయపడి, అడగకుండా కూర్చున్న మా తప్పు.

కాబట్టి సంఘం వారికి రెండు విన్నపాలు. ఒకటి, మన ఇళ్ళలో “కరెంటు పెట్టడం” అనే మాట మాని “కిరణ చికిత్స” అందాము. మాట మారితే భయం సగం మారుతుంది. రెండవది, మన వైపునుండి చికిత్సకు వచ్చే వారికి ఇక్కడి భాష రాదు, బోర్డులు చదవలేరు. వారితో వంతులవారీగా ఒకరు ఆసుపత్రికి పోయే ఏర్పాటు చేద్దాము. మొదటి వంతు మాది. సెలవు పెట్టి వస్తాము.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు ముందు తగిలినా, అది ఒంటికి మేలు చేస్తుందని మన పెద్దలు మనకు చిన్ననాడే తినిపించి నేర్పారు. ఈ చికిత్స కూడా అటువంటిదే.