చెరువుగట్టు మీది నీలిపూలు

ఈ వానాకాలంలో ఇబ్రహీంపట్నం పెద్దచెరువు దిక్కు పొద్దున్నే వెళ్తే తడిగడ్డిలో చిన్న చిన్న నీలిపూలు కనిపిస్తాయి. చాలామంది అన్నింటినీ విష్ణుక్రాంత అనేస్తారు. కాదండీ!

చెమ్మ ఉన్నచోట, చెట్టునీడన పాకేది ఎక్కువగా వెన్నవెదురు. గుర్తుపట్టడం సులువు. పైకి రెండు పెద్ద నీలిరేకులు, కింద ఒక చిన్నరేకు. 1737లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ ప్రజాతి పేరు కమెలైనాను వివరిస్తూ ఓ చమత్కారం చేశాడు. కమెలిన్ ఇంటిపేరున్న ముగ్గురిలో ఇద్దరు వృక్షశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు, మూడోవాడు ఏమీ సాధించకుండానే పోయాడు. ఆ చిన్నరేకు అతనిదట! పాపం.

పువ్వు దొన్నెలాంటి పచ్చని మడతలోంచి వస్తుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆకుతొడిమ దగ్గర ఎర్రటి నూగు ఉంటుంది. ఇక మట్టిలోపల కూడా, విచ్చుకోని పూలు పూసి గింజ కడుతుంది. అందుకే రైతు ఎంత పీకినా మళ్లీ మొలుస్తుంది. తెగిన కాడ కణుపు తడినేల తగిలితే చాలు, వేరు పోస్తుంది. కలుపుమందు గ్లైఫోసేట్‌కూ అంత తొందరగా లొంగదు. లేత ఆకును మాత్రం కూర వండుకుంటారు.

అసలు విష్ణుక్రాంత ఎండ తగిలే మెరక నేలల్లో పెరుగుతుంది. బహువార్షికం. పువ్వు గుండ్రం, ఆకుల మీద పట్టులాంటి నూగు. వినాయకచవితి ఇరవైఒక్క పత్రిలో ఉన్నది ఈ పేరే.

వెన్నవెదురు పువ్వును చూడాలనుకుంటే పన్నెండు గంటలలోపే వెళ్లండి.