నల్లా నీటికి జవాబుదారు ఎవరు?

(దుండిగల్‌లో స్థానిక ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక చిన్న పట్టణం తన నీటి సరఫరాను తానే నిర్వహించుకోవాలా, పెద్ద సంస్థకు అప్పగించాలా అన్న ప్రశ్న మన ముందుకు ఆలస్యంగా వచ్చింది. 2018లో దుండిగల్‌తోపాటు బౌరంపేట, మల్లంపేట, బహదూర్‌పల్లి తదితర గ్రామాలను కలిపి పురపాలక సంఘాన్ని ఏర్పాటు చేశారు. 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2025 జనవరిలో ఆ పాలకవర్గం గడువు ముగిసింది. అదే ఏడాది డిసెంబరులో నగర శివారులోని 27 పట్టణ సంస్థలను గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనం చేసినప్పుడు మన సంఘమూ అందులో కలిసిపోయింది. అప్పటికి అవుననడానికైనా, కాదనడానికైనా మనం ఎన్నుకున్న పాలకవర్గమే లేదు. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండవ షెడ్యూలులో గృహావసరాల నీటి సరఫరా పట్టణ సంస్థల విధులలో ఒకటిగా ఉన్నదని ఇక్కడ గుర్తుచేయక తప్పదు.

అయినా, అంతా మన చేతిలోనే ఉండాలని నేను వాదించను. మనది గట్టి రాతినేల. కాలనీలు పెరిగేకొద్దీ బోరు మీద ఆధారపడటం కష్టమవుతున్నది. మన పొరుగున శామీర్‌పేట వైపున ఉన్న ఘన్‌పూర్ జలాశయానికి గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి సుమారు 186 కిలోమీటర్లు ప్రయాణించి వస్తున్నది. అంతటి గొట్టాన్ని ఏ చిన్న పురపాలక సంఘం వేయగలదు? ఔటర్ రింగు రోడ్డు లోపలి ప్రాంతాలకు జలమండలి గొట్టాలు వేయడం విలీనానికి ముందే మొదలైంది. రెండవ దశకు 1,200 కోట్ల రూపాయలు కేటాయించారు. నదినీటిని తెచ్చి, శుద్ధిచేసి, పెద్ద ట్యాంకు దాకా చేర్చే పని పెద్ద సంస్థదే కావడం న్యాయం.

నా పేచీ ట్యాంకు దాటిన తరువాతి నీటితోనే. ఏ వీధికి ఏ వేళ వాల్వు తిప్పాలి, ఎవరికి కనెక్షన్ ఇవ్వాలి, మురుగు కలిసిందని మొరపెట్టుకుంటే ఎవరు రావాలి? ఇవి ఊరివారికి తెలిసిన విషయాలు, ఊరివారికి జవాబు చెప్పవలసిన విషయాలు. ఇక్కడొక చిక్కును చాలామంది గమనించడం లేదు. విలీనమైతే మన కార్పొరేటరును నిలదీయవచ్చునని అనుకుంటున్నాము. కాని జలమండలి కార్పొరేషన్‌లో ఒక శాఖ కాదు. 1989 చట్టంతో ఏర్పడిన వేరే సంస్థ. దాని అధ్యక్షుడు ముఖ్యమంత్రి. పైగా 2025 డిసెంబరులో కార్పొరేషన్ వార్డుల సంఖ్యను 150 నుంచి 300కు పెంచారు. ఎందరిలోనో ఒకరిగా మన కార్పొరేటరు, తన చేతిలో లేని నీటికోసం ఎంత కొట్లాడగలడు?

ఈ దూరం ఎక్కువగా తగిలేది ఎవరికి? కిరాయి ఇండ్లలో ఉండేవారికి, నోటరీ కాగితాల మీద జాగా కొన్నవారికి, అనుమతి లేని లేఅవుట్లలో గూడు కట్టుకున్నవారికి. వీరిలో మనవారు అధికం. మనతోపాటే విలీనమైన జల్‌పల్లిని చూడండి. షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వంటి ముస్లిం బస్తీలున్న ఆ ప్రాంతంలో ట్యాంకరు కోసం ఎదురుచూడటం ఏమిటో అక్కడి ఆడపడుచులను అడిగితే తెలుస్తుంది. నీటిని ప్రైవేటుపరం చేయరాదని సభలలో తీర్మానాలు చేస్తాము. నల్లా రాని ఇంటికి నీరు ఏనాడో ప్రైవేటుపరమైంది. మదీనాలో వెలకు అమ్ముడవుతున్న రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని అందరికీ వక్ఫ్ చేసిన వృత్తాంతాన్ని మనం పిల్లలకు చెబుతూనే, ప్రతి వారం ట్యాంకరుకు సొమ్ము చెల్లిస్తున్నాము.

ఇక ఉచిత నీటి సంగతి. 2020 డిసెంబరు నుంచి గ్రేటర్ పరిధిలో గృహ కనెక్షనుకు నెలకు 20 కిలోలీటర్లు ఉచితం. ఐదుగురున్న కుటుంబానికి లెక్కగడితే మనిషికి రోజుకు 133 లీటర్లు. పట్టణాలకు నిర్ణయించిన 135 లీటర్ల ప్రమాణానికి దాదాపు సమానం. అదే మూడు కిరాయి కుటుంబాలున్న ఇంటికి ఒకే కనెక్షన్ ఉన్నదని ఒకే వాటా లెక్కిస్తే మనిషికి 44 లీటర్లే. మిగిలిన నీటి బిల్లును ఇంటి యజమాని కిరాయిలో కలుపుతాడు, అందులో ఆశ్చర్యమేమీ లేదు. మీటరు, ఆధార్ అనుసంధానం అనే షరతులు కూడా ఇంటి కాగితాలు సరిగా ఉన్నవారికే సులువు.

కనుక విలీనాన్ని రద్దుచేయమని ధర్నా చేసేకంటే, విలీనమైనందుకు మనకు రావలసినవి అడుగుదాము. ఉచిత నీటి పథకాన్ని జాప్యం లేకుండా ఇక్కడి ప్రతి కుటుంబానికీ వర్తింపజేయాలి, ఇంటికి కాదు. భూమి హక్కు వివాదం తేలేదాకా నల్లా ఆపకూడదు. నల్లా ఇచ్చినంత మాత్రాన హక్కు రుజువైనట్లు కాదని కాగితంపై వ్రాసుకోవచ్చు. ప్రతి వార్డులో స్త్రీలు, కిరాయిదారులు సభ్యులుగా ఒక నీటి సంఘం ఉండాలి. జలమండలి ఇంజనీరు నెలకొకసారి వచ్చి దాని ముందు కూర్చోవాలి.

బయట బల్ల మీద దరఖాస్తు పత్రాలున్నాయి. మీ వీధికి నీళ్లు ఎన్ని రోజులకొకసారి, ఏ వేళ వస్తున్నాయో ముందుగా అది వ్రాయండి. పేరు ఇంటి యజమానిది కాకున్నా ఫరవాలేదు, నీళ్లు మోసేవారిది వ్రాయండి.