పిల్లలకొక గూడు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం బడిలో పలకా బలపంతో ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నవాణ్ణి కనుక అది నాకు తేలికే అనుకొని ఉంటారు. కాని ఈవేళ నేను బడి సంగతి కాదు, ఇంటి సంగతి మనవి చేయదలచాను. వంట, పడక, పిల్లల సామాను, ఇవి ఆడవాళ్ళ మాటలు కదా అని మగవారు లేచి వెళ్ళవద్దు. అసలు ఈ మాటలు మనకోసమే.

కొన్నేళ్ళ క్రితం నాలుగో తరగతిలో ఒక గుంటడు ఉండేవాడు. పుస్తకం తెస్తే అట్ట ఊడి, పసుపు మరకలతో, నూనె కారుతూ ఉండేది. ఒకరోజు నాకు కోపం వచ్చి వాణ్ణి పీరియడంతా నిలబెట్టాను. మరునాడు వాడి తల్లి వచ్చింది. పోట్లాటకు రాలేదు. "మాస్టర్ సాబ్, మీరొకసారి మా ఇంటికి వచ్చి కితాబు ఎక్కడ పెట్టాలో చూపించండి. అక్కడే పెట్టిస్తాను" అన్నది.

వెళ్ళాను. ఒక గది, ముందు వసారా, ఆరుగురు మనుషులు. గదిలో చుట్టిన పరుపులు, కుట్టుమిషను, బిందెలు, టీవీ. పిల్లవాడి పుస్తకం బియ్యం డబ్బా మీద ఉంటుంది. అన్నం వండేటప్పుడు డబ్బా మూత తీయాలి కనుక పుస్తకం పొయ్యి గట్టు మీదకు మారుతుంది. పైన అటక ఉంది గాని అది వాడికి అందదు. నేను నాలుగు గోడలూ చూశాను. చూపించడానికి నాకు చోటు దొరకలేదు. ఆ తల్లి ఇచ్చిన చాయ్ తాగి, తల వంచుకొని వచ్చేశాను.

మన తాతల నాటి మట్టిగోడల ఇళ్ళలో గోడకొక గూడు ఉండేది. మన ఇళ్ళలో దాన్ని తాక్ అనేవారు. దీపం, దువ్వెన, పిల్లల పలక అన్నీ అందులోనే. ఆ గోడ మూరెడు మందం. ఇప్పుడు కడుతున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో గూడు ఎక్కడ పెడతారు? స్లాబు వచ్చింది, గూడు పోయింది. దాని సంగతి ఎవరమూ ఆలోచించలేదు.

పిల్లల గది అంటే డబ్బున్నవారి మాట అనుకుంటాం. మరియా మాంటిస్సోరి అనే ఇటలీ వైద్యురాలు 1907లో రోము నగరంలో పిల్లల ఇల్లు తెరిచింది మహారాజుల పేటలో కాదు, సాన్ లోరెంజో అనే కూలి జనం ఉండే వాడలో. ఆమె చేసిన పనుల్లో ఒకటి చాలా చిన్నది. బల్లలు, కుర్చీలు, అరలు పిల్లల ఎత్తుకు చేయించింది. తీసుకునేదీ పిల్లవాడే, మళ్ళీ పెట్టేదీ పిల్లవాడే. ఆమె 1939లో మద్రాసు వచ్చి మన దేశ ఉపాధ్యాయులకు కూడా ఈ పద్ధతి నేర్పింది. ఇక మన జాకిర్ హుస్సేన్ సాహెబ్ రాష్ట్రపతి అయ్యారని అందరికీ గుర్తుంది గాని, 1937లో వార్ధా విద్యా ప్రణాళిక కమిటీకి ఆయనే అధ్యక్షులని, చేతిపని ద్వారానే చదువు రావాలని రాశారని ఎందరికి గుర్తుంది?

సరే, ఆ ఇంట్లో ఏం చేశామో చెబుతాను. పాత దుప్పటి ఒకటి రెండు మడతలు వేసి, దాని మీద ఆరు జేబులు కుట్టింది ఆ తల్లి. జేబులకు పొందూరు ఖద్దరు ముక్కలు దొరికాయి. గట్టి బట్ట, పుస్తకం బరువుకు సాగదు. పైన వెదురు కర్ర దూర్చి, పిల్లవాడి ఛాతీ ఎత్తున గోడకు వేలాడదీశాం. పొయ్యికి దూరంగా, లోపలి గోడకు. బయటి గోడకైతే మన వైపు వానల్లో చెమ్మ దిగి పుస్తకాలు బూజు పడతాయి. పండ్ల దుకాణం నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చి, మేకులు పీకి, గరుకు కాగితంతో రుద్దే పని పిల్లవాడికే అప్పగించాం. మూడు సాయంత్రాలు రుద్దాడు. బోర్లిస్తే రాతబల్ల, నిలబెడితే అర. రంగు వాడే ఎంచుకున్నాడు. చూడలేనంత ఆకుపచ్చ! నేను నోరు మూసుకున్నాను. వాడి పెట్టె, వాడి రంగు. ఆ పై నెలలో ఏటికొప్పాక లక్క బుగరి ఒకటి ఆ పెట్టె మీద కనబడింది. అంకుడు కర్రతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్లాస్టిక్ బొమ్మ పది కొనే బదులు అదొక్కటి మేలు.

వాడి అక్షరాలు ముత్యాలయ్యాయని నేను చెప్పను. కాని పుస్తకం ఏడాది చివరిదాకా అట్టతో ఉంది.

ఇప్పుడు నా ఇంటి సంగతి. ఎదుటివారి ఇల్లు సర్దిన సంబరంలో ఇంటికి వచ్చి, మా ఆవిడకు గొప్పగా చెబుతున్నాను. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. వంటింటి గడప మీద కూర్చొని, ఒడిలో పీట పెట్టుకొని లెక్కలు చేస్తోంది. నేను కొన్న బల్ల మీద మా అబ్బాయి సంచీ, చెప్పుల డబ్బా ఉన్నాయి. "ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు కదా బేటీ" అన్నాను. "అది తమ్ముడిది కదా అబ్బాజాన్" అన్నది. మాటలో ఫిర్యాదు ఏమీ లేదు, రివాజు చెప్పినట్టు చెప్పింది. ఆ బల్ల కొన్ననాడు అది అబ్బాయిది అని నేనే అన్నానట. నాకు జ్ఞాపకం లేదు, పిల్లకు ఉంది. అయిదేళ్ళపాటు మాస్టారి కూతురు గడప మీద చదువుకుంది. ఈ మాట సభలో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా మీలో కొందరి ఇళ్ళలో ఈవేళ కూడా ఇలాగే ఉంటుందని చెబుతున్నాను.

తిండి మాట కూడా ఒకటి ఉంది. 2003 నుంచి మన రాష్ట్రంలో బడిలో మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, 2023 నుంచి రాగి జావ కూడా వచ్చింది. మంచిదే. కాని పిల్ల నాలుగింటికి ఇల్లు చేరగానే ఏం తగులుతుంది? ప్యాకెట్టు చిరుతిండి, సెల్‌ఫోను. మా అమ్మీ చోడి అంబలి కుండ మూత తీసి, ఉల్లిపాయ చితక్కొట్టి చేతిలో పెట్టేది. చోళ్ళు నూరు గ్రాములు తీసుకుంటే సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదోవంతు కూడా లేదు. పేదల తిండి అని మనమే దాన్ని వదిలేశాం. ఇక వాన సాయంత్రం మసూర్ పప్పు ఖిచిడీ, నువ్వులు వేయించి నూరి చింతపండు పులుసులో కలిపిన ఖట్టా. దీనికి పెద్ద నేర్పు అక్కరలేదు, నేనే చేస్తున్నాను. మొదటిసారి అడుగంటింది. పిల్లలు నవ్వి, మాడు గీక్కొని తిన్నారు. తింటూ బడిలో ఏం జరిగిందో చెప్పారు. ఉపాధ్యాయుణ్ణయి ఉండి నేను ఏనాడూ అడగని సంగతులు!

తండ్రులు హైదరాబాదులోనో, చెన్నైలోనో, గల్ఫులోనో పనికి పోయిన ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో. అక్కడ తల్లి ఒక్కతే అన్నీ చూసుకోవాలి. అలాంటి ఇళ్ళకు జేబుల గుడ్డ, చెక్కపెట్టె మనం చేసి ఇవ్వలేమా? వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత అరసవల్లిలో మా వసారాలో కుట్టుమిషను పెడతాను. పాత దుప్పట్లు, లుంగీలు ఉతికి తీసుకురండి. సుత్తి, పట్టకారు ఉన్నవారు అవీ తెండి. పిల్లలను తప్పకుండా తీసుకురండి, ఆడపిల్లలను ముందు తీసుకురండి. ఖిచిడీ నేను వండుతాను. అడుగంటితే ఓర్చుకోవాలి.