పోరునగరాలలో పౌరుల రక్షణ
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాల పండుగలో యుద్ధ ప్రసక్తి ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. ధర్మపురి వంటి ప్రశాంతమైన ఊరిలో, తమిళనాట తెలుగు అక్షరాన్ని నిలుపుకొంటున్న ఒక బడిలో, ఎక్కడో దూరదేశపు వీథులలో జరిగే కాల్పుల సంగతి మనకేల? కాని మన బిడ్డలు నేడు ఆ దూరదేశాలలోనే నర్సులుగా, అధ్యాపకులుగా, భవన నిర్మాణ కార్మికులుగా జీవిస్తున్నారు. కనుక ఇది మన ఇంటి సంగతే.

లిబియా దేశాన్నే ఉదాహరణగా తీసుకొందాము. 2011 ఫిబ్రవరిలో అక్కడ తిరుగుబాటు చెలరేగినపుడు భారత ప్రభుత్వం విమానాలను, ఓడలను పంపి 15 వేలకు పైగా భారతీయులను స్వదేశానికి చేర్చింది. ఆ ఏడాది మార్చి 17వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలి, పౌరులను రక్షించుటకై అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చునని 1973వ సంఖ్య గల తీర్మానం చేసింది. పది దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, భారతదేశంతో సహా ఐదు దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. పౌరరక్షణ పేరిట ఆరంభమైన వైమానిక దాడులు పాలకుని పతనంతో ముగిశాయి. ఆ తరువాత పౌరులను కాపాడే యంత్రాంగం మాత్రం నిలువలేదు. 2014 నాటికి దేశంలో రెండు ప్రభుత్వాలు, లెక్కకు మిక్కిలి సాయుధ దళాలు ఏర్పడ్డాయి. ఆ వేసవిలో రాజధాని ట్రిపోలీ విమానాశ్రయమే యుద్ధభూమి అయినది. విమానాశ్రయం మూతపడితే పరదేశికి ఇంటిదారి మూతపడినట్లే కదా!

2015 జూలైలో సిర్త్ నగరపు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులు ఇంటికి బయలుదేరి దారిలో అపహరణకు గురయ్యారు. వారిలో ఇద్దరు కన్నడిగులు కొద్ది రోజులలోనే విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరు అధ్యాపకులు తెలుగువారు. వారికి విముక్తి లభించినది 2016 సెప్టెంబరులో. ఇంచుమించు పదునాలుగు నెలలు ఆ రెండు కుటుంబాలు ఎట్లు గడిపి ఉంటాయో ఊహించండి. వారు చేసిన నేరమేమి? మనవలెనే పాఠం చెప్పడం. అదే సంవత్సరం, 2016 మార్చిలో, జావియా ప్రాంతంలో కేరళకు చెందిన ఒక నర్సు, ఆమె పసిబిడ్డ ఇంటిపై పడిన గుండుకు బలియైనారు.

2019 ఏప్రిల్ 4వ తేదీన తూర్పు ప్రాంత సైన్యం ట్రిపోలీ మీదికి నడిచింది. ఆనాడు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆ నగరంలోనే ఉన్నారు. కొద్ది దినాలలో జరుగవలసిన జాతీయ సమావేశం ఆగిపోయింది. లక్షకు పైగా ప్రజలు ఇండ్లు విడిచారు. అనేకులకు బడి గదులే ఆశ్రయమైనాయి. మే నెలలో ఒక సాయుధ ముఠా నీటి సరఫరా కేంద్రంలోకి చొరబడగా, రాజధానికి త్రాగునీరు నిలిచిపోయినది. జూలై 2వ తేదీ రాత్రి తజూరాలో వలసకూలీలను బంధించిన కేంద్రంపై బాంబు పడి కనీసం 53 మంది మరణించారు. ఆ ఆవరణలోనే ఒక సాయుధ దళం స్థావరం ఉన్నది. మొదటి బాంబు ఆ దళపు షెడ్డుపై పడిన కొద్ది నిమిషాలకు రెండవ బాంబు కూలీల మీద పడినది. తలుపులు తెరచి ఉంటే ఆ కొద్ది నిమిషాలలో ఎందరు ప్రాణాలు దక్కించుకొనేవారో! 2020 అక్టోబరు 23న జెనీవాలో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరినా, 2022 ఆగస్టులోను, 2025 మే నెలలోను ట్రిపోలీ వీథులలో మరల తుపాకులు మ్రోగాయి.

ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్లు అన్నది మన పెద్దల మాట. పోట్లాడుట ఆంబోతుల స్వభావమని సరిపెట్టుకొనుటకు మనం పశువులము కాము. కురుక్షేత్ర యుద్ధానికి ముందు ఉభయ పక్షాలు నియమాలు చేసుకొన్నాయి: ఆయుధం విడిచినవానిని, పారిపోవువానిని, వాద్యాలు మ్రోగించువానిని చంపరాదని. పోరు ఊరి వెలుపల మైదానంలో జరిగినది. ఆ నియమాలను తుంగలో త్రొక్కి, నిద్రిస్తున్నవారిని రాత్రివేళ సంహరించిన అశ్వత్థామను భారతం నేటికీ క్షమింపలేదు. నేటి యుద్ధం మైదానం విడిచి వీథిలోకి, వీథి నుండి వంటింటిలోకి వచ్చినది. అందుచేత నియమాల అవసరం తగ్గలేదు, పెరిగినది.

ఆధునిక ప్రపంచం అట్టి నియమాలను వ్రాసుకొన్నది. 1949 ఆగస్టు 12వ తేదీ నాటి నాలుగు జెనీవా ఒడంబడికలలో నాలుగవది ప్రత్యేకించి పౌరుల రక్షణ కొరకే. ఒకే దేశంలో జరిగే అంతర్యుద్ధానికి సైతం వర్తించే మూడవ అధికరణం ఆ నాలుగింటిలోను ఉన్నది. ఆయుధం పట్టనివానిని చంపరాదు, హింసించరాదు, బందీగా పట్టి బేరమాడరాదు. గాయపడినవారిని చేరదీసి చికిత్స చేయాలి. భారతదేశం 1950లోనే వీటిని ఆమోదించి, 1960లో చట్టం చేసుకొన్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాగితంపై వ్రాసినంత మాత్రాన పౌరునికి కవచం లభించదు. 2009లో శ్రీలంకలో కాల్పులు జరుపని మండలాలని ప్రకటించిన చోట్లలోనే వేలాది తమిళ పౌరులు చిక్కుకొన్నారు. ఆ మండలాలపై ఫిరంగి గుండ్లు పడ్డాయని, పోరాడుతున్న పులులు పౌరులను బయటకు పోనీయలేదని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల సంఘం 2011లో నివేదించింది. ఒక పక్షం గీచిన గీతను రెండవ పక్షం ఒప్పుకొనకపోతే, గీచినవారే దానిని మన్నింపకపోతే, ఆ గీత లక్ష్మణరేఖ కాజాలదు. ఉభయులూ అంగీకరించిన మార్గం, నిర్ణీతమైన గంటలు, పర్యవేక్షించే తటస్థ సంస్థ, విడిచి వెళ్ళలేని వృద్ధులకు, రోగులకు నిలిచినచోటనే రక్షణ - ఈ నాలుగూ ఉంటేనే అది రక్షణ. ఆ యుద్ధపు నిర్వాసితులు మనకు అపరిచితులు కారు. 1983 తరువాత వచ్చినవారి శిబిరాలు మన ప్రాంతపు జలాశయాల చెంతనే ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2021లో వాటికి పునర్జీవన శిబిరాలని పేరు మార్చినది. పేరులో గౌరవం చేకూరినది, సంతోషమే. కాని ఒక యుద్ధం కొన్ని వారాలలో వెళ్ళగొట్టినవారు నలుబది ఏండ్లకు కూడ ఇల్లు చేరలేదని గుర్తుంచుకొందాము.

తెలుగువారికి ఈ అనుభవం క్రొత్త కాదు. రంగూను ఓడరేవులో బరువులు మోసిన మన కూలీలను అక్కడివారు కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించినపుడు, ఆకాశంలో విమానాలను వింతగా చూస్తూ వీథులలో నిలుచున్న జనం అసంఖ్యాకంగా మరణించారు. ఏమి చేయవలెనో వారికి ముందుగా ఎవరూ నేర్పలేదు. పిదప ఓడలో చోటు దొరికినవారు ఓడలో, దొరకనివారు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం చేరారు. దారిలో రాలిపోయినవారి పేర్లు ఏ రాతిపైనా లేవు. టిక్కెట్టు కొనగలవానికి ఒక దారి, కొనలేనివానికి మరొక దారి. నేటికీ యుద్ధం పేదవానికి వేసే మొదటి శిక్ష ఇదే. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్ళినవాడు, జీతపు బకాయి చేతికి రాక, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండి, బయలుదేరుమని రాయబార కార్యాలయం హెచ్చరించినా కదలలేడు. వాని ధైర్యం వానిని ఆపలేదు, వాని అప్పు ఆపినది.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం. బిడ్డ విదేశానికి పోవునపుడు పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందాల నకళ్ళు ఇంటిలో ఉంచుకొనండి. ఏజెంటు ప్రభుత్వ నమోదు పొందినవాడా అని విచారించండి. లిబియా, సూడాను, యెమెను వంటి దేశాలకు పదవ తరగతి చదువని కార్మికులు వెళ్ళవలెనంటే వలసల సంరక్షకుని అనుమతి అవసరం; దానిని తప్పించే అడ్డదారి త్రొక్కకండి. చేరిన వెంటనే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. తిరుగు ప్రయాణానికి సరిపడు సొమ్మును అప్పు తీర్చుటకైనా ముట్టవద్దని చెప్పండి. 2023 ఏప్రిల్‌లో సూడాను రాజధాని ఖార్టూములో పోరు మొదలైనపుడు ఆపరేషన్ కావేరి ద్వారా 3,862 మంది రాగలిగారు. ఓడ, విమానం సిద్ధంగా ఉన్నా, రేవు దాకా చేరవలసినది మాత్రం ఎవరికివారే.

పూర్వ విద్యార్థులకు ఒక ప్రార్థన. ఈ జూబిలీ జ్ఞాపకంగా భవనం కట్టించండి, మంచిదే. దానితోపాటు విదేశాలలో ఉన్న మన బడి బిడ్డల చిరునామాల పట్టిక ఒకటి తయారు చేసి, ఏటేటా సరిచూచి, ఆపదలో ఒక్క మాటతో వార్త అందే ఏర్పాటు చేయండి. సహోపాధ్యాయులారా, ప్రథమచికిత్సను, జెనీవా నియమాలను మన పిల్లలకు పాఠంగా చెప్పుదాము. బడి ఆపన్నులకు ఆశ్రయం కావాలి గాని, ఆయుధాలకు కోట కారాదని వారు చిన్ననాడే తెలిసికొనాలి.

మన ధర్మపురికి పూర్వనామం తగడూరు. అదియమాన్ పక్షాన దూతగా తొండైమాన్ సభకు వెళ్ళి, మాటతో యుద్ధాన్ని ఆపినది అవ్వైయారు. కాని పిమ్మట చేరరాజు చేతిలో తగడూరు ధ్వంసమైనది. ఊరిని కూల్చినవానికి బిరుదు దక్కినది. కూలిన ఇండ్లలోని వారి పేరు ఒక్కటీ మిగులలేదు. చరిత్ర వ్రాయనివారిని లెక్కలోనికి తెచ్చుట చదువు పని. ఈ బడి ఇక ముందు కూడ ఆ పని చేయగలదని ఆశిస్తున్నాను.